తమ్ముడు దొరికాడు. అందరికీ, ముఖ్యంగా స్నానాల గదుల దగ్గర కూర్చునే ఆవిడకి

మా తమ్ముడు దొరికాడు. ఇంట్లోనే ఉన్నాడు, పడుకున్నాడు. ఇన్నాళ్ళూ వాడి ఫోటో షేర్ చేసినవాళ్ళందరూ దయచేసి ఇప్పుడు దాన్ని తీసెయ్యండి. పద్దెనిమిది నిండని పిల్లల వివరాలు అలా బయట తిరగకూడదని చట్టంలో ఉందట, పిల్లల సంక్షేమ కమిటీ వాళ్ళు గట్టిగా చెప్పారు. వాడూ అదే అడిగాడు. అందుకే ఇందులో వాడి పేరు లేదు, ఊరు లేదు, కాలేజీ పేరూ లేదు.

నాకు సరిగా నిద్ర లేక చాలా రోజులైంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

అమ్మానాన్నలు, బాబాయి, మా బావ తిరగని చోటు లేదు. వాళ్ళకి థాంక్స్ చెప్తే కొడతారు.

నేను రాయాలనుకున్నది ఒకావిడ గురించి. విజయవాడ స్టేషన్లో డబ్బులిచ్చి స్నానం చేసే గదులున్నాయి కదా, అక్కడ బల్ల వేసుకుని చిల్లర తీసుకునే ఆవిడ. పేరు రాస్తానంటే వద్దంది. "పేరు రాస్తే నా పని పోద్దమ్మాయ్" అంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

వాడు శుక్రవారం రాత్రి హాస్టల్ గోడ దూకాడు. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గాయని పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి మార్చారట, మాకు చెప్పలేదు. మూడు రోజులు స్టేషన్లోనే పడుకున్నాడు. బూట్లు రెండో రాత్రే ఎవరో ఎత్తుకుపోయారు. రోజూ పొద్దున్నే డబ్బులిచ్చి స్నానం చేసి, ఉన్న ఒక్క చొక్కా ఉతుక్కుని తడిదే వేసుకుని వచ్చేవాడట. ఆవిడ కనిపెట్టింది అదే. ప్రయాణాల వాళ్ళు తడి చొక్కా వేసుకోరు కదా అంది నాతో. నాలుగో రోజు డబ్బుల్లేక దూరంగా నిలబడితే తనే పిలిచింది. ఏ ఊరు, ఎవరి పిల్లాడివి, ఎందుకొచ్చావు, ఏమీ అడగలేదు. లోపలికెళ్ళి స్నానం చేసి రమ్మంది. వచ్చాక తన డబ్బాలో అన్నం సగం మూతలోకి తీసి పెట్టింది. గోంగూర పచ్చడి. వాడికి గోంగూర అంటే పడదు, మొత్తం తిన్నాడట.

తర్వాత చిల్లర డబ్బా వాడి ముందు బోర్లించి "నాకు కళ్ళు సరిగ్గా ఆనట్లేదురా అబ్బాయ్, కాస్త లెక్కపెట్టి పెట్టు" అంది. ఆవిడ కళ్ళకేం లేదు. వాడు లేచి పోకుండా కూర్చోబెట్టడానికి ఆ పని పెట్టింది. మద్రాసు, హౌరా, ఢిల్లీ, ఎటు పోవాలన్నా బండి దొరికే స్టేషన్ అది, పది ప్లాట్‌ఫారాలు. వాడు పదేసి రూపాయల దొంతరలు పేరుస్తుంటే ఆవిడ పక్కకెళ్ళి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసింది. మనుషులు వచ్చేదాకా రెండుసార్లు దొంతరలు పడగొట్టి మళ్ళీ లెక్కపెట్టించిందట.

ఆ ఫోన్ వల్లే వాడు మర్నాడు పిల్లల సంక్షేమ కమిటీ ముందుకి వెళ్ళాడు. ఇరవై నాలుగు గంటల్లో హాజరుపరచాలి, అది రూలు. అప్పుడే వాడు నా నంబర్ చెప్పాడు. నేను ల్యాబులో శాంపిళ్ళు పెడుతున్నా. "మీ తమ్ముడు క్షేమంగా ఉన్నాడు" అన్నాక ఇంకేం విన్నానో గుర్తులేదు.

ఆ రోజే ఇచ్చేయలేదు. రెండు రోజులు షెల్టర్ హోంలో ఉంచారు. ఆధార్, రేషన్ కార్డు, మా ఇంటికి మనిషిని పంపించి విచారణ, వాడితో విడిగా మాట్లాడటం. మా పిల్లాణ్ణి మాకివ్వడానికి ఇన్ని కాగితాలా అని ఆ వరండాలోనే గొడవపడ్డాను. అక్కడి కౌన్సిలర్ మేడం నన్ను తిట్టలేదు. "మామయ్యనని చెప్పి వచ్చేవాళ్ళు కూడా ఉంటారమ్మా" అంది, అంతే. మేడం, ఆ రోజు అరిచినందుకు క్షమించండి.

కోపం రావాల్సింది వేరేవాళ్ళ మీద. హాస్టల్ వాళ్ళు ఒకటిన్నర రోజు దాకా మాకు ఫోన్ చెయ్యలేదు. "ఇంటికొచ్చాడేమో అనుకున్నాం" అన్నారు. ఇప్పుడు టెన్త్ మెమో కావాలంటే మిగతా ఫీజు కట్టమంటున్నారు. కాలేజీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కి వెళ్తే మీ ఊళ్ళో ఇవ్వండన్నారు, ఊళ్ళో వెళ్తే అక్కడే ఇవ్వాలన్నారు. ఒకాయన "లవ్ మేటరా?" అని, ఇంకొకాయన "ఆకలేస్తే వాడే వస్తాడు" అని. పిల్లలు కనపడట్లేదంటే కేసు కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. తమ పరిధి కాకపోయినా ఏ స్టేషన్లో అయినా రాసుకోవాల్సిన ఫిర్యాదు ఉంది, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, అది ఇవ్వచ్చు. ఈ రెండు ముక్కలు నాకు తెలిసేసరికి మూడో రోజు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే వెంటనే రాయించండి, మాలాగా బతిమాలుకుంటూ తిరక్కండి.

షెల్టర్‌లో ఒక పిల్లాడు నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. వాడికి వచ్చే నెల పద్దెనిమిది నిండుతాయట. "తర్వాత ఎక్కడుండాలో చెప్పలేదక్కా" అన్నాడు. 21 ఏళ్ళ దాకా ఆసరా ఇవ్వాలని చట్టంలో ఉందని కౌన్సిలర్ మేడమే చెప్పింది, చెప్తూ కిటికీ వైపు చూసింది. మావాణ్ణి తీసుకెళ్ళడానికి నలుగురం వెళ్ళాం. ఆ పిల్లాడు గేటు దాకా వచ్చి మా సంచి అందించాడు.

వచ్చేటప్పుడు వాడే "ఆవిడకి చెప్పి వెళ్దాం" అన్నాడు. అమ్మ ఒక చీర, రెండు వేలు తీసుకెళ్ళింది. ఆవిడ చీర చూసి నవ్వింది, డబ్బులు ముట్టలేదు. మావాడి కాళ్ళకేసి చూసి "చెప్పులు కొన్నారా, సరే" అంది. తర్వాత కొంగుముడి విప్పి మూడు ఐదు రూపాయల బిళ్ళలు వాడి చేతిలో పెట్టింది. "ఆ రోజు లెక్క పదిహేను తక్కువ చెప్పావురా. కాంట్రాక్టరు మనిషికి నువ్వు చెప్పిందే కట్టా. ఇవి నీయి." ఎంపీసీ చదివేవాడు చిల్లర లెక్క తప్పాడు. వాడు నవ్వాడు. ఎన్ని నెలలైందో వాడు అలా నవ్వి. అన్ని రోజులూ ఏడవని నేను ఆ చిల్లర బల్ల పట్టుకుని ఏడ్చాను, వెనక క్యూలో జనం నిలబడే ఉన్నారు.

అయ్యో, మర్చిపోయాను, ఇంకా థాంక్స్ చెప్పాల్సినవాళ్ళున్నారు. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ మళ్ళీ ఎత్తి ఫోటో కాపీలు తీసిచ్చిన జిరాక్స్ షాపు అన్నకి. రైల్వే పోలీసు అక్కకి, నాతోపాటు వెయిటింగ్ హాళ్ళన్నీ తిరిగింది. నా డ్యూటీలు చేసిన ల్యాబు వాళ్ళకి. బస్టాండు నుంచి రెండుసార్లు డబ్బులు తీసుకోకుండా ఎక్కించుకున్న ఆటో బాబాయికి. 1098లో ఆ ఫోన్ ఎత్తినవాళ్ళెవరో, వాళ్ళకి. షెల్టర్ వంటామెకి కూడా, వాడి చొక్కాకి రెండు గుండీలు కుట్టింది, ఇంటికొచ్చాక చూశాం.