పదకొండో పాట తర్వాత

కన్నా,

ఆశీస్సులు. గాయకుడు, గిటారిస్టు నీల్ యంగ్ గ్రేటెస్ట్ హిట్స్ సీడీ టొరంటోలో సెకండ్ హ్యాండ్ షాపులో కనిపించిందని, ఆయన్ని వినడం మొదలుపెట్టాలంటే అదొక్కటీ కొంటే సరిపోతుందా అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేయబుద్ధి కాలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు కొనుక్కో. పదహారు పాటల్లో తీసిపారేయాల్సింది ఒక్కటీ లేదు. కానీ ‘అదొక్కటీ చాలా’ అన్నావు చూడు, అక్కడే నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

2004లో వచ్చిన సంకలనం అది. పాటలు ఎలా ఎంచారో దాచకుండా చెప్పారు. రికార్డులు ఎన్ని అమ్ముడయ్యాయి, రేడియోలో ఎంతగా వేశారు, ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారు, అంతే లెక్క. ఆయనకి ఇష్టమైనవనో, విమర్శకులు మెచ్చుకున్నవనో కాదు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చుతుంది. మన దగ్గర ‘ఆణిముత్యాలు’ అని అట్ట మీద రాసి, హక్కులు చేతిలో ఉన్న పాటలన్నీ కుక్కేసిన క్యాసెట్లు ఎన్ని కొన్నామో! ఇందులో ఆ మోసం లేదు. జనం ఏం కోరుకున్నారో అదే ఉంది. అయితే జనం కోరుకోనిది లేదు, అదే నా బాధ.

ముందు మంచి చెప్పుకుందాం. హిట్స్ అంటే మూడేసి నిమిషాల పాటలనుకుంటాం కదా. ఇది తొమ్మిది నిమిషాలు దాటే ‘డౌన్ బై ద రివర్’తో మొదలవుతుంది. రెండోది ‘కౌగర్ల్ ఇన్ ద శాండ్’, పది నిమిషాలు. మూడోది ‘సినమన్ గర్ల్’. మూడూ 1969 ఆల్బమ్‌లోవి. 103 డిగ్రీల జ్వరంతో మంచంలో పడుకుని ఒకే రోజు మూడూ కట్టానని ఆయనే చెప్పాడు. నువ్వు గిటార్ నేర్చుకుంటున్నావు కాబట్టి ‘సినమన్ గర్ల్’ చివర్లో వచ్చే సోలో జాగ్రత్తగా విను. ఒకటే స్వరం. అదే స్వరాన్ని మళ్లీ మళ్లీ మీటుతూ పోతాడు, కింద తీగల వాయింపు మాత్రం మారుతూ ఉంటుంది. ఆ పాటకి మొదటి తీగనీ, ఆరో తీగనీ రెంటినీ డి శ్రుతికి దించుకోవాలి. అప్పుడుగానీ ఆ బరువు రాదు. వేళ్ల వేగం చూపించుకోవాలని లేని మనిషి వాయింపు అది. నువ్వు కొత్తగా నేర్చుకునే రోజుల్లోనే ఇలాంటిది చెవిన పడటం మంచిది.

ఆ మూడు పాటల్లో నీల్ పక్కన రెండో గిటార్ ఒకటి వినిపిస్తుంది, చూడు. అది వాయించింది డానీ విట్టెన్. ‘సినమన్ గర్ల్’లో నీల్‌తో కలిసి పాడే గొంతు కూడా అతనిదే. నీల్‌తో వాయించే క్రేజీ హార్స్ బ్యాండ్‌కి అతనే ప్రాణం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘డౌన్ బై ద రివర్’ విను. నీల్ సోలోలో ఎంత దూరం పోయినా, అతను ఎక్కడా తొందరపడడు, ఎక్కడా తోసుకురాడు. ఇతను తిరిగి వచ్చేదాకా పాటని పట్టుకుని నిలబడి ఉంటాడు. అతని పేరు గుర్తుపెట్టుకో.

తర్వాత ‘హెల్ప్‌లెస్’ ఉంది. ఉత్తర ఒంటారియోలో ఒక ఊరి గురించి పాడిన పాట. నీల్ పుట్టింది నువ్వున్న టొరంటోలోనే, 1945లో. పసివాడిగా ఉన్నప్పుడు ఒమీమీ అనే చిన్న ఊళ్లో పెరిగాడు, అక్కడే పోలియో సోకింది. మంచు పడే రోజుల్లో ఒకసారి వినిపించుకో, అక్కడి ఆకాశం కింద ఆ పాట ఎలా ఉంటుందో నాకు చెప్పు.

‘ఒహాయో’ దగ్గర మాత్రం నేను ప్రతిసారీ ఆగిపోతాను. 1970 మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా నిరసన జరుగుతుంటే నేషనల్ గార్డ్ సైనికులు కాల్పులు జరిపారు. నలుగురు విద్యార్థులు చనిపోయారు. పత్రికలో ఆ ఫొటోలు చూసి నీల్ పాట రాశాడు. మే 21కల్లా క్రాస్బీ, స్టిల్స్, నాష్, నీల్ నలుగురూ కలిసి స్టూడియోలో రికార్డు చేసేశారు. జూన్‌లో దుకాణాల్లో ఉంది. నీ వయసు పిల్లలు రా వాళ్లు. ఆ తొందర, ఆ కోపం పాటలో ఇప్పటికీ చల్లారలేదు. ఇలాంటి పాట అమ్మకాల లెక్కలో గెలిచి ఈ సీడీలోకి వచ్చిందంటే, జనం ఎంపిక మీద నాకు గౌరవం పెరుగుతుంది.

తొమ్మిదో పాట ‘ద నీడిల్ అండ్ ద డ్యామేజ్ డన్’. లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీ హాల్లో 1971 జనవరిలో జనం ముందు పాడింది. ఒక్క గిటార్, ఒక్క గొంతు, రెండు నిమిషాలు. హెరాయిన్ తన చుట్టూ ఉన్న సంగీతకారులని ఎలా తినేస్తోందో చెప్పే పాట. అందులో అందరికంటే ముందు ఉన్నది డానీ. అప్పటికి అతను బతికే ఉన్నాడు.

పది, పదకొండు ‘ఓల్డ్ మ్యాన్’, ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’. ఆ రోజుల్లో నీల్‌కి వెన్ను నొప్పి. ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని నిలబడలేని పరిస్థితి. కూర్చుని మామూలు గిటార్ వాయించాడు. రికార్డింగ్ జరిగిన నాష్‌విల్‌కి టీవీ షో కోసం వచ్చిన గాయకులు లిండా రాన్‌స్టాట్, జేమ్స్ టేలర్ వెనక గొంతు కలిపారు. అమెరికాలో ఆయనకి నంబర్ వన్ అయిన ఒకే ఒక్క సింగిల్ ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’. 1972లో అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్, ఈ పాటలున్న ‘హార్వెస్ట్’.

ఆ వెంటనే పన్నెండో పాట మొదలవుతుంది. అది 1977 ఆల్బమ్‌లోది. మధ్యలో అయిదేళ్లు ఏమయ్యాయో ఈ సీడీ చెప్పదు. అవే ఆయన జీవితంలో అన్నిటికంటే కష్టమైన ఏళ్లు.

1972 నవంబర్‌లో కొత్త టూర్ రిహార్సల్స్‌కి నీల్ డానీని పిలిపించాడు. డానీ వాయించలేకపోయాడు. పాటలు గుర్తుండటం లేదు, చేతులు సాగడం లేదు. చేతిలో 50 డాలర్లు, విమానం టికెట్ పెట్టి ఇంటికి పంపేశారు. ఆ రాత్రే లాస్ ఏంజెలెస్‌లో చనిపోయాడు. 29 ఏళ్లు. తర్వాతి ఏడాది, వాళ్ల బృందంలో సామాన్లు చూసుకునే బ్రూస్ బెర్రీ అనే కుర్రాడు కూడా మత్తుమందుల వల్లే పోయాడు. ఆ 1973లోనే నీల్ మిగిలిన వాళ్లని కూడగట్టుకుని హాలీవుడ్‌లో ఒక రిహార్సల్ హాల్లో రాత్రుళ్లు కూర్చుని ‘టునైట్స్ ద నైట్’ రికార్డు చేశాడు. అది బయటికి వచ్చేసరికి 1975 అయింది.

ఆ ఆల్బమ్‌లో గొంతు పగులుతుంది. ‘మెలో మై మైండ్’లో పై స్వరానికి వెళ్లి అందుకోలేక చీలిపోతుంది, దాన్ని దిద్దకుండా అలాగే ఉంచేశాడు. మైకుకి దూరం జరిగి పాడిన చోట్లున్నాయి. మొదటి పాటలో బ్రూస్ బెర్రీ పేరు పెట్టి పిలుస్తాడు. అదే పాట చివర్లో మళ్లీ వస్తుంది. మధ్యలో ఒకచోట ఉన్నట్టుండి డానీ పాడతాడు. 1970లో న్యూయార్క్ కచేరీలో రికార్డయిన పాట తెచ్చి అక్కడ పెట్టాడు నీల్. పోయిన స్నేహితుడి కోసం చేసిన రికార్డులో ఆ స్నేహితుడే హుషారుగా పాడుతుంటాడు. మొదటిసారి విన్నప్పుడు నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయాను.

తాతయ్య పోయిన ఏడాది నాకు ‘హార్వెస్ట్’ వినాలనిపించేది కాదు. అది అందంగా ఉంటుంది, ఆ అందం అప్పుడు భరించలేకపోయాను. ‘టునైట్స్ ద నైట్’ మాత్రం వినగలిగాను. ఏడుస్తూ పాడేవాడు శ్రుతి తప్పుతాడు, అది తప్పు కాదు. ఇంట్లో అందరూ ఓదార్చేవాళ్లే, ఆ రికార్డు ఒక్కటే ఓదార్చకుండా నా పక్కన కూర్చుంది. నువ్వప్పుడు చిన్నవాడివి. వంటింట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అమ్మ ఏం వింటోందో అని చూసేవాడివి, ఇదే వినేదాన్ని.

అందుకే అమ్మకాల లెక్కతో వేసిన సంకలనంలో ఇది లేకపోవడం నాకు చిన్న విషయంగా అనిపించదు. అందులో డానీ గిటార్ ఉంది, అతని గురించి భయపడుతూ పాడిన పాట ఉంది. అతని కోసం పెట్టిన శోకం మాత్రం లేదు. జనం కొనలేదు కాబట్టి.

ఇంకో ఖాళీ పద్నాలుగో పాటకీ, పదిహేనో పాటకీ మధ్య ఉంది. 1979 నుంచి నేరుగా 1989కి దూకుతుంది. ఆ పదేళ్లలో వచ్చిన ఆల్బమ్‌లన్నీ గొప్పవని నేననను. కొన్ని నాకూ ఎక్కలేదు. కానీ ‘ట్రాన్స్’ అనే ఆల్బమ్ సంగతి నీకు తెలియాలి. నీల్‌కి 1978లో పుట్టిన కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ, మాట రాదు. భార్యాభర్తలిద్దరూ రోజులో ఎక్కువ గంటలు ఆ పిల్లవాడి థెరపీకే ఇచ్చేసిన కాలం అది. ఆ ఆల్బమ్‌లో తన గొంతుని వోకోడర్ అనే యంత్రంలోంచి పంపాడు, మాటలు సరిగా అర్థం కావు. వినేవాళ్లు విసుక్కున్నారు. ఆయన తీరుకి తగని రికార్డులు చేస్తున్నాడని రికార్డు కంపెనీ 1983లో దావా కూడా వేసింది. అది కొడుకుతో మాట్లాడే ప్రయత్నం గురించి చేసిన ఆల్బమ్ అని తర్వాత ఆయనే చెప్పాడు. ఎంత చెప్పినా అవతలికి చేరని మాట ఎలా ఉంటుందో అందులో వినిపిస్తుంది. 1986లో వాళ్లావిడ పెగీ, మరికొందరు కలిసి అలాంటి పిల్లల కోసం కాలిఫోర్నియాలో బ్రిడ్జ్ స్కూల్ పెట్టారు. దాని కోసం నీల్ దాదాపు ఏటా కచేరీలు చేశాడు. ఒక తల్లిగా నాకు ‘ట్రాన్స్’ మీద ఉన్న మమకారం ఏ అమ్మకాల లెక్కకీ దొరకదు.

అదే షాపులో ‘డెకేడ్’ ఉందేమో అడుగు. 1977లో నీల్ తన చేత్తో తాను ఏరుకున్న సంకలనం. మూడు ఎల్పీలు, 35 పాటలు. ఒక్కో పాట పక్కన సొంత దస్తూరీతో ఒకటో రెండో మాటలు రాశాడు. ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’ తనని నడిరోడ్డు మీదికి తెచ్చిందనీ, అక్కడ విసుగు పుట్టి రోడ్డు పక్క గుంటలోకి దిగాననీ, ప్రయాణం గతుకులుగా ఉన్నా మరింత ఆసక్తికరమైన మనుషులు అక్కడే కనిపించారనీ రాసింది అందులోనే. ‘టునైట్స్ ద నైట్’ నుంచి రెండు పాటలు పెట్టాడు. జనం ఎంచినదీ, ఆయన ఎంచుకున్నదీ పక్కపక్కన పెట్టుకుంటే మనిషి కనిపిస్తాడు. రెంటికీ డబ్బు చాలకపోతే ‘డెకేడ్’ తీసుకో. అయితే 1977 తర్వాతవి ఉండవు కాబట్టి ‘రాకిన్ ఇన్ ద ఫ్రీ వరల్డ్’, ‘హార్వెస్ట్ మూన్’ నీకు దొరకవు.

గ్రేటెస్ట్ హిట్సే తీసుకుంటే ఇలా చెయ్యి. పదకొండో పాట అయిపోగానే ఆపు. ‘టునైట్స్ ద నైట్’ ఫోన్లో అయినా సరే మొదటి నుంచి చివరిదాకా విను, మధ్యలో దాటేయకు. మొదటిసారి నచ్చకపోవచ్చు, మరో రోజు మళ్లీ విను. ఆ తర్వాత పన్నెండో పాట ‘లైక్ ఎ హరికేన్’ పెట్టు. డానీ స్థానంలోకి ఫ్రాంక్ సాంపెడ్రో వచ్చాక క్రేజీ హార్స్ మళ్లీ నిలబడి వాయించిన పాట. అందులో అతను గిటార్ పక్కన పెట్టి కీబోర్డు వాయిస్తాడు. నీల్ గిటార్ వెనక పొరలు పొరలుగా లేచే ఆ ధ్వని అతనిదే. సీడీని వరసగా వినేవాళ్లకి అది ఒక మంచి హిట్ పాట. ఇలా విన్నవాళ్లకి ఆ గిటార్ ఎక్కణ్ణుంచి లేచి వస్తోందో తెలుస్తుంది.

చివరి పాట ‘హార్వెస్ట్ మూన్’ మీ నాన్నకి ప్రాణం. అందులో తాళం వేస్తూ సరసరమని వినిపించేది నిజంగా చీపురే, స్టూడియోలో నేల ఊడుస్తూ రికార్డు చేశారు. అది కనిపెట్టావా లేదా అని ఆదివారం ఫోన్లో నాన్న అడుగుతారు, సిద్ధంగా ఉండు. ‘ట్రాన్స్’ గురించి మాత్రం నాకు విడిగా ఉత్తరం రాయి.

ఉంటాను,
అమ్మ