లంకమల మీదికి రోడ్డు వద్దు, కాలిబాట ఇవ్వండి

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, మాది కడప జిల్లా సిద్ధవటం వైపు. పొద్దున లేస్తే కనిపించేది లంకమల కొండలే. శివరాత్రికి అక్కడి నిత్యపూజకోన శివుడి గుడికి జనం బారులు తీరుతారు. తిరునాళ్ల అయిపోయాక అటు మనిషి కనపడడు. నేను నడిచేది ఆ ఖాళీ రోజుల్లో, ముఖ్యంగా కార్తీకంలో ముసురు వెలిసిన వారానికి.

పైన ఒకచోట బండల మధ్య నేలంతా జవుకు. అడుగేస్తే చీలమండ దాకా దిగబడుతుంది, చెప్పు ఊడి బురదలోనే ఉండిపోతుంది. కడప అంటే ఎండా రాళ్లే అనుకునేవాళ్లు ఆ నేల చూడాలి. గడ్డి మొదళ్లలో రూపాయి బిళ్లంత ఎర్రటి మొక్కలు, ఆకుల నిండా జిగురు చుక్కలు. అది డ్రొసెరా. అలాంటి నేలలో సారం తక్కువ కాబట్టి పురుగులను పట్టి ఆ లోటు తీర్చుకుంటుంది. మొదటిసారి చూసిన రోజు బురదలోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

ఇప్పుడు మావాళ్లు కొందరు పైదాకా సిమెంటు రోడ్డు కావాలంటున్నారు. పెద్దవాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, మా అమ్మ కూడా సగం దారిలోనే ఆగిపోయింది. కానీ ఆ రోడ్డు ఈ జవుకు మీదుగానే పోవాలి. గ్రావెల్ పోసి తొక్కిస్తే, బండల పగుళ్లలోంచి ఊరి ఇక్కడ నిలిచి మెల్లగా కోనలోకి దిగే నీటికి దారి ఉండదు.

1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో ఈ కొండల కింద రెడ్డిపల్లి దగ్గరే దొరికింది. దాన్ని పట్టి చూపించింది స్థానికుడే. 1988లో ఇక్కడ 464 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమయ్యాయి. ఆ పిట్ట ఉండేది కింద ముళ్లపొదల్లో, జవుకులో కాదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, ఈ అడవి గురించి ముందు తెలిసేది ఊరివాళ్లకే.

ఎర్రచందనం దొంగల వల్ల ఇక్కడ నడిచే ప్రతివాడి మీదా అనుమానమే. పోయినేడు ఫారెస్టు వాళ్లు దారిలో ఆపి గంటసేపు మా సంచులు వెతికారు. వాళ్ల డ్యూటీ వాళ్లు చేశారు, నాకు కోపం లేదు. కానీ ఆ టెన్షన్‌కి మా తమ్ముడి కొడుకు ఇక రానన్నాడు.

అందుకే అడుగుతున్నా. వానలు తగ్గాక రెండు నెలలు, పది మందికి మించని బృందాలకు పర్మిట్ ఇవ్వండి. దారులు తెలిసిన మేకల కాపరులకు గైడ్లుగా కూలి ఇవ్వండి. జవుకు దగ్గర నాలుగు అడుగురాళ్లు చాలు.

వచ్చే కార్తీకంలో మీరూ ఒకసారి రండి. ఎక్కడ కాలు పెట్టాలో నేను చూపిస్తాను.

ఇట్లు,
సిద్ధవటం మండలం నుంచి ఒక పాదచారి