నాలుగో రోజు నుంచి ఏం జరుగుతుందో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో బరువు తగ్గించే ఆపరేషన్ మీద వచ్చిన వ్యాసాన్ని మా చెల్లెలు ఫొటో తీసి పంపింది. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు, మూడో రోజుకి ఇంటికి, ఏడాదికల్లా సగం మనిషి. అబద్ధమేమీ లేదు. నేనూ మూడో రోజే ఇంటికొచ్చాను. నాలుగో రోజు నుంచి జరిగేదే అందులో లేదు. ఆ కుట్లతోనే రాష్ట్రం మారాల్సి వస్తే ఎలా ఉంటుందో అసలే లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను బ్యాంకు ఉద్యోగిని, విజయవాడ. వయసు 44. కిందటి ఏప్రిల్‌లో నా బరువు 118 కిలోలు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, షుగరు వచ్చి పదకొండేళ్లు. నాకు చేసింది గ్యాస్ట్రిక్ బైపాస్. పొట్ట పైభాగాన్ని కోడిగుడ్డంత సంచిగా వేరు చేసి, చిన్నపేగును పైకి తెచ్చి దానికి కుడతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది గానీ తిండి అటు పోదు. మే నెలలో ప్రమోషన్ వచ్చింది, ఆర్డరులో గుజరాత్‌లోని వడోదర అని ఉంది. కొన్నాళ్లు వాయిదా వేయమంటే ‘ప్రమోషనే వద్దని రాసివ్వండి’ అన్నారు. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసిన కుర్చీ. రాసివ్వలేదు.

ఆపరేషనైన ఎనిమిదో వారంలో అమ్మను వెంటబెట్టుకుని నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నన్ను ఇంకా బరువులు ఎత్తొద్దన్నారు. కాబట్టి 68 ఏళ్ల అమ్మ పెట్టె లాగుతూ ముందు నడుస్తుంటే, ఆమెకి రెండింతలున్న నేను చేతులూపుకుంటూ వెనక నడిచాను. ప్లాట్‌ఫారం మీద జనం నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఎవరికని చెప్పను? కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా గంటకోసారి లేచి తిరగమన్నారు. బోగీ ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతుంటే టీసీ ‘ఎవరినైనా వెతుకుతున్నారా అమ్మా’ అని అడిగాడు.

అసలు కథ బ్రాంచిలో చేరిన నాలుగో రోజున. కొత్త మేనేజరని గుజరాతీ భోజనానికి తీసుకెళ్లారు. కొసరి కొసరి వడ్డించడంలో వాళ్లు మన గోదావరి జిల్లాల వాళ్లకేం తీసిపోరు. స్వీట్ల జోలికి పోలేదు, వేపుళ్లు ముట్టుకోలేదు. పప్పే కదా, ప్రొటీను కదా అని ఒక చిన్న గిన్నెడు తాగాను. అక్కడి పప్పులో బెల్లం వేస్తారని నాకెవరు చెప్పారు? ఇరవై నిమిషాలకి ఒళ్లంతా చెమట, గుండె దడదడ, కళ్లు తిరగడం. తీపి కోడిగుడ్డంత సంచిలో ఆగకుండా పేగులోకి ఒక్కసారిగా దిగిపోతే అంతే, డంపింగ్ అంటారు. కాసేపు పడుకుంటే దానంతటదే సర్దుకుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ నోట్లోంచి వచ్చిన మాట ‘బైపాస్ అయింది’ అని. బైపాస్ అనగానే అందరికీ గుండే. ఒకాయన ఆటో కోసం పరిగెత్తాడు. ఇంకొకాయన షుగరు పడిపోయిందనుకుని నిమ్మరసంలో రెండు చెంచాల పంచదార కలిపి తెచ్చాడు. పాపం, మంచికే. తాగి ఉంటే ఇంకో గంట పొర్లేదాన్ని.

ఈసీజీ బాగానే ఉంది. అక్కడి డాక్టరు అడిగిన ప్రశ్నలే బాగాలేవు, అంటే నా దగ్గర జవాబుల్లేవు. బైపాస్‌లో ఏ రకం, పేగుకు ఒక చోట కుట్టారా రెండు చోట్లా, ఎంత పొడవు వదిలేశారు? నా డిశ్చార్జి కాగితంలో ‘బైపాస్’ అన్న ఒక్క ముక్కే ఉంది. ఆపరేషన్ వివరాల కాగితం ఆసుపత్రి ఫైల్లోనే ఉండిపోయింది. ఫోన్ చేస్తే ‘మీరే వచ్చి అప్లికేషన్ పెట్టుకోండి’ అన్నారు. నేను వడోదర నుంచి మాట్లాడుతున్నానని మూడుసార్లు చెప్పాను.

తర్వాత నెలలో నడుం పట్టేసి మందుల షాపుకి వెళ్తే మామూలుగా అందరికీ ఇచ్చే నొప్పి మాత్ర ఇచ్చాడు. వేసుకోబోతుంటే అమ్మ ఆపింది. ఆసుపత్రిలో నర్సు ‘ఆ రకం మాత్రలు ఇక జన్మలో వద్దు, కుట్టు దగ్గర పుండు పడుతుంది’ అన్న మాట అమ్మకి గుర్తుంది, నాకు లేదు. కాగితాలు తిరగేస్తే ఆరో పేజీలో ఉంది, ఇంగ్లిషులో, చీమల బారులాంటి అక్షరాల్లో.

డైట్ చార్టు సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. అందులో గ్రీక్ యోగర్టు ఉంది, బ్రకోలి సూపు ఉంది, పెసరకట్టు లేదు. మజ్జిగ లేదు, ఉడికించి మెత్తగా మెదిపిన ఇడ్లీ లేదు. రోజుకి 60 గ్రాముల ప్రొటీను ఎక్కణ్నుంచి వస్తుందో అమ్మ లెక్కగట్టుకుంది. పొద్దున పెసరకట్టు, మధ్యాహ్నం గుడ్డు, సాయంత్రం పనీరు తురుము. పనీరు మాత్రం వడోదరలో బాగా దొరుకుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. ఐరన్ మాత్రకీ కాల్షియం మాత్రకీ రెండు గంటల ఎడం. బీ12 విటమిన్ ఇక జీవితాంతం. ఆగస్టులో జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వస్తుంటే నీళ్లు మారినందువల్లనుకున్నాను. వేగంగా బరువు తగ్గేవాళ్లకి మూడో నెల దాటాక ఇది మామూలేనట, కొన్నాళ్లకు మళ్లీ వస్తుందట. కొత్త ఊళ్లో ప్రతి కష్టాన్నీ ఊరి మీదికే తోసేస్తాం.

ఆపరేషన్ వద్దని రాయడం లేదు. ఇప్పుడు 83 కిలోలున్నాను, డాక్టర్లు షుగరు మాత్రలు ఆపేశారు, దసరాకి ఇక్కడి గర్బా నృత్యంలో ఒక చుట్టు తిరిగాను కూడా. నేనడిగేది చిన్నది. ఉద్యోగాల వాళ్లం, పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లం, ఆపరేషన్ చేయించుకున్న ఊళ్లోనే ఏడాదంతా ఉండం. ఇంటికి పంపేటప్పుడే ఆపరేషన్ వివరాల కాగితం చేతికివ్వాలి. జేబులో పట్టే కార్డు ఒకటివ్వాలి: ఏం చేశారు, ఏ మందులు వేయకూడదు, మూడో నెల, ఆరో నెల, ఏడాదికి ఏ రక్తపరీక్షలు. అది పేషెంటు భాషలో ఒకవైపు, ఎక్కడైనా చదవగలిగేలా ఇంగ్లిషులో ఇంకోవైపు. మీ పత్రికలో వచ్చే ఆసుపత్రుల ప్రకటనల్లో ‘అప్పుడు, ఇప్పుడు’ ఫొటోలకి సగం పేజీ దొరుకుతోంది కదా, మీ అనుబంధంలో దీనికి పావు పేజీ ఇవ్వండి.

ప్రస్తుతానికి నా కార్డు అమ్మే తయారుచేసింది. మాత్రల డబ్బా అట్ట కత్తిరించి, గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసి నా పర్సులో పెట్టింది. ఇక్కడ దాన్ని చదివేవాళ్లు మేమిద్దరమే. అందుకని వెనకవైపు మా బ్రాంచి ప్యూను గుజరాతీలో రాసిచ్చాడు. మొదటి వాక్యం: ‘ఆపరేషన్ గుండెకి కాదు.’

ఇట్లు,
ఒక బ్యాంకు ఉద్యోగిని, వడోదర
(పేరు వేయవద్దని మనవి)