శాసనాల దారిలో నన్ను నడిపించిన వారందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

ఊళ్లలోని రాతి శాసనాలకు నకళ్లు తీసి, వాటి పాఠం చదివి భద్రపరిచే ఒక పరిశోధక ప్రాజెక్టులో ఈ నెల సహాయకురాలిగా చేరాను. బి.కాం. చదివిన అమ్మాయికి ఈ పని ఎలా దొరికిందని చాలామంది అడుగుతున్నారు. దొరకడం కాదు, కొందరు ఓపికగా నేర్పి నా చేతికి అందించారు. వాళ్ల సంగతి నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

డిగ్రీ పూర్తయ్యాక ఇంట్లోవాళ్లూ స్నేహితులూ బ్యాంకు పరీక్షల మాటే చెప్పారు. నల్లగొండలో కోచింగ్‌కు చేరాను. ఆ దారిని తక్కువ చేయను. నాతో కూర్చుని చదివినవాళ్లు ఉద్యోగాలు తెచ్చుకుని కుటుంబాలను నిలబెట్టారు. నాకు మాత్రం మనసు నిలిచేది కాదు. సెలవు రోజున ఊరి పక్కనే ఉన్న పానగల్లు వెళ్లేదాన్ని. ఛాయా సోమేశ్వరాలయానికి వచ్చినవాళ్లు గర్భగుడిలో రోజంతా చెదరకుండా నిలిచే నీడను చూసి ఆశ్చర్యపోతారు. నేను పచ్చల సోమేశ్వరాలయం దగ్గరి మ్యూజియంలో రాళ్ల ముందు ఆగిపోయేదాన్ని. అక్షరాలు తెలిసినట్టే ఉంటాయి, చదవబోతే నోటికి రావు.

అక్కడే మా సార్ పరిచయమయ్యారు. పదవీ విరమణ చేసిన తెలుగు అధ్యాపకులు. పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. ఎవరి అమ్మాయివని కూడా అడగకుండా, ముందు ఏ అక్షరం దగ్గర ఆగిపోయావని అడిగారు. ఆ తర్వాత వాళ్ల ఇంటి వసారాయే నాకు బడి అయింది. పాత లిపిలో ఎ, ఏలకు వేర్వేరు గుర్తులు ఉండవనీ, అర్థాన్ని బట్టి మనమే పోల్చుకోవాలనీ అక్కడే తెలుసుకున్నాను. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం కాలం శక సంవత్సరం 1084. శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అలా ఇది 1162 అవుతుంది. కానీ తిథి మాఘమాసంలో ఉంది, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది, కనుక 1163 అని రాయాలి. ఇలాంటివి ఆయన ఒక్కొక్కటిగా, తొందరపెట్టకుండా చెప్పేవారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. సార్, మీ రుణం తీర్చుకోలేను. అమ్మగారూ, వేళ దాటినా విసుక్కోకుండా నాకు అన్నం పెట్టిన మీకు కూడా నమస్కారాలు.

గ్రంథాలయంలో నా కోసం దక్షిణ భారత శాసనాల పదో సంపుటాన్ని అడుగు అర నుంచి వెతికి తీసిన ఉద్యోగి గారికి ధన్యవాదాలు. 1948లో అచ్చయిన ఆ సంపుటమంతా తెలుగు శాసనాలే. ఈ పని మీద నాకు ఇష్టం కుదిరింది దాన్ని చదువుతున్నప్పుడే. శాసనమంటే రాజుల బిరుదులు, యుద్ధాలే అనుకుంటాం. గుడిలో అఖండ దీపం పెట్టించడానికి ఒకరు ఆవులనో గొర్రెలనో ఇస్తారు. వాటిని తీసుకున్న కాపరి, తన తర్వాత తన సంతానం, రోజుకు ఇంత నెయ్యి పోయాలని రాయి మీద రాసుకుంటారు. అప్పగించిన ఆస్తి ఎంత, దాని మీద రాబడి ఎంత, బాధ్యత ఎవరిది అన్నవన్నీ అందులో ఉంటాయి. నేను డిగ్రీలో చదివిన లెక్కలు అక్కడ మనుషుల పేర్లతో సహా కనిపించాయి. నా చదువు వృథా పోలేదని సార్ అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది.

మా జిల్లాలోని చందుపట్ల శాసనం సంగతే చూడండి. కాకతి రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వారి పుణ్యం కోసం ఈ దానమనీ పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించాడు. కాలం 1289 నవంబరు. రాణి మరణం గురించి ఇంత స్పష్టంగా చెప్పింది ఒక మామూలు సేవకుడు నిలిపిన రాయి! ఇప్పటికీ దాని గురించి మాట్లాడేటప్పుడు నా గొంతు వణుకుతుంది.

నకలు తీయడం నేర్పిన సీనియర్ అన్నకు, అక్కకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. రాయి మీది పాచిని, సున్నాన్ని నీళ్లతో ఓపికగా కడగాలి. తడి కాగితం పరిచి, అది అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టాలి. ఆ తర్వాత సిరా అద్దిన మెత్తతో పైపైన తడితే చుట్టూ నలుపు పట్టి అక్షరాలు తెల్లగా పైకి వస్తాయి. గాలి వీస్తే కాగితం లేచిపోతుంది, ఎండ ముదిరితే ముందే ఆరిపోతుంది. కాగితం చినిగిన ప్రతిసారీ ఇంకొకటి తడిపి చేతికిచ్చారే తప్ప ఒక్క మాట అనలేదు మీరిద్దరూ.

నాన్నా, ఈ పనిలో జీతం తక్కువ, ప్రాజెక్టు ముగిస్తే మళ్లీ వెతుక్కోవాలి. ఆ భయం మీకు ఉందని తెలుసు. అయినా బంధువులు అడిగినప్పుడు "మా అమ్మాయి శాసనాలు చదువుతుంది" అని మీరే ముందుగా చెప్పారు. అమ్మా, ఎం.ఏ. చరిత్రకు ఫీజు కట్టిన రోజు ఇంట్లో ఏ ఖర్చు ఆపావో నాకు తెలియనివ్వలేదు. మీ ఇద్దరికీ పాదాభివందనం.

చివరిగా, మొన్న మేము వెళ్లిన ఊరి వాళ్లకు. చేను గట్టున ఉన్న శాసనం చుట్టూ కంప కొట్టించిన రైతు గారికి, బిందెలతో నీళ్లు మోసిన అక్కలకు, కాగితం ఎగరకుండా అంచులు పట్టుకున్న బడి పిల్లలకు ధన్యవాదాలు. పాఠం పరిష్కరించడం ఇంకా పూర్తి కాలేదు, కింది మూడు పంక్తులు బాగా అరిగాయి. పూర్తయ్యాక మొత్తం తేట తెలుగులో రాసి, పంచాయతీ ఆఫీసుకూ మీ బడికీ నేనే తెచ్చి ఇస్తాను. అప్పటిదాకా ఆ రాయికి సున్నం వేయకుండా చూడండి.