ఖాతా ఉంటే సరిపోతుందా?

సంపాదకులకు,

మన్యంలో ఇంటింటికీ బ్యాంకు ఖాతా ఉందని పోయిన వారం మీ పత్రికలో వేశారు. నిజమే. జన్‌ధన్ వచ్చింది 2014లో, పాసుపుస్తకం లేని గడప ఇప్పుడు అరుదు. అందులో పడిన కూలి డబ్బు చేతికెలా వస్తుందో మాత్రం ఎవరూ రాయరు.

పాడేరు ఏజెన్సీలో కొండ మీది ఊళ్లకు బ్యాంకంటే, బ్యాంకు తరఫున వేలిముద్ర మిషన్ పట్టుకొచ్చి డబ్బిచ్చే బ్యాంకు మిత్రే. సిగ్నల్ అందే గట్టెక్కి కూర్చుంటాడు. కాఫీ పళ్లు కోసి, పసుపు తవ్వి అరిగిన వేళ్లకు ముద్ర ఒక పట్టాన పడదు. పడ్డాక సిగ్నల్ పోతే మిషన్‌లో 'టైమ్ అవుట్' అని వస్తుంది, ఖాతాలో డబ్బు మాత్రం తగ్గిపోతుంది. రసీదు ఉండదు. మళ్లీ వేలు పెట్టమంటారు, పెడితే రెండోసారీ పోతుంది. అలా పోయిన సొమ్ము అయిదు రోజుల్లో తిరిగి జమ కావాలి, ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున, ఖాతాదారు అడక్కపోయినా చెల్లించాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే ఇచ్చిన ఆదేశమిది. ఒక్క సచివాలయం గోడ మీదైనా దీన్ని రాశారా?

మిత్ర ఇచ్చేది తన సొంత నగదు. అది అతని ఖాతాలో జమవుతుంది కానీ, ఆ నోట్లు మళ్లీ తెచ్చుకోవాలంటే మండల కేంద్రానికి జీపెక్కాలి, ఆ రోజు పని పోతుంది. వెయ్యి ఇస్తే అతనికి మిగిలే కమీషన్ అయిదు రూపాయలకు మించదు. అందుకే కూలి పడిన వారంలో మధ్యాహ్నానికే 'క్యాష్ అయిపోయింది' అంటాడు. వెయ్యికింతని పట్టుకునేవాళ్లూ ఉన్నారు. అది ముమ్మాటికీ తప్పే, కానీ ఆ తప్పుకు దారి చూపింది బ్యాంకులే.

ఇంకో చిక్కుంది. రెండు బ్యాంకుల్లో ఆధార్ ఇచ్చినవాళ్లకు ఆఖర్న లింకయిన ఖాతాలోనే కూలి పడుతుంది. మిషన్‌లో పాత బ్యాంకు పేరు నొక్కితే సున్నా చూపిస్తుంది. డబ్బు రాలేదనుకుని కొండ దిగినవాళ్లు దిగినట్టే వెనక్కి పోతారు. ఏ బ్యాంకుకు లింకయిందో చూసి చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ ఒక్క నిమిషం మన సిబ్బందికి దొరకదు. సమీక్షల్లో ఖాతాలెన్ని తెరిచారనే అడుగుతారు, ఎన్ని లావాదేవీలు ఫెయిలయ్యాయని అడిగే అధికారి కనబడడు.

కూలి పడే వారాల్లో మిత్రలకు నగదు బ్యాంకే పంపాలి. రసీదు రోలు లేని మిషన్‌తో డబ్బులివ్వనీయకూడదు. ఫెయిలైన లావాదేవీల లెక్క మండలాలవారీగా బయటపెట్టాలి. బ్యాంకుకు ఫిర్యాదు చేసి ముప్పై రోజులైనా పలక్కపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల నంబరు 14448కి ఫోన్ చేయవచ్చని మీ పత్రికైనా పెద్దక్షరాల్లో వేయండి.

- ఒక పాఠకుడు, పాడేరు