నా పాస్‌బుక్, బాబాయి అప్పు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక పల్లె. నేను విజయవాడలో ఉద్యోగం చేసుకుంటున్నాను. ఊళ్లో నాన్నగారి వాటాగా వచ్చిన మూడెకరాల వరిచేను ఉంది. మా వీధిలో ఉండే ఒకాయన దాన్ని ఇరవై ఏళ్లుగా కౌలుకి చేస్తున్నాడు. చుట్టం కాదు గానీ చిన్నప్పటి నుంచీ బాబాయి అనే పిలుస్తాను. ఆయన మాత్రం ఈమధ్య నన్ను "కామందు గారూ" అంటున్నాడు, సగం వేళాకోళంగా. కామందంటే మా వైపు పొలం యజమాని.

సంక్రాంతికి వెళ్లినప్పుడు అరుగు మీద పెద్ద వాదన నడిచింది. ఉన్నవాడి డబ్బు వల్లేనా లేనివాడు అలా ఉండిపోతున్నది అని. అమెరికా నుంచి వచ్చిన మా పెదనాన్న కొడుకు కాదన్నాడు. వాడు చెప్పిందీ నిజమే. వాడు అక్కడ సాఫ్ట్‌వేర్‌లో సంపాదిస్తే ఇక్కడ ఎవరి కంచంలోనూ ముద్ద తగ్గలేదు, పైగా బడికి రెండు గదులు కట్టించాడు. రైసు మిల్లు పెట్టినాయన వల్ల కొన్ని ఇళ్లకి కూలి దొరుకుతోంది. డబ్బున్నవాళ్లందర్నీ ఒకే గాటన కట్టడం నాకూ నచ్చదు. బాబాయి ఒక్క మాట మాట్లాడలేదు. అందరూ లేచాక నన్ను పక్కకి పిలిచి, "నోటు తిరగరాద్దాం బాబూ, దాళ్వా పెట్టుబడి కావాలి" అన్నాడు.

ఆ అప్పు నోటు సంగతే మీకు చెప్పాలి.

మా వైపు ఎకరానికి సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, 30 బస్తాలు, దాళ్వాలో, అంటే రబీలో, 45 పండితే మంచి ఏడాది కింద లెక్క. బస్తా అంటే 75 కిలోలు. రెండు పంటలకీ కలిపి నాకు కౌలు 30 బస్తాలు పోగా బాబాయికి మిగిలేది 45. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు రూ.2,369. ఆ లెక్కన బస్తా రూ.1,777, మొత్తం దాదాపు 80 వేలు. మద్దతు ధర పూర్తిగా చేతికి అందిందనే అనుకుందాం, తేమ పేరుతో కోసేది వేరే కథ. దమ్ము, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను అన్నీ కలిపి పంటకి 35 వేలు, రెండిటికీ 70 వేలు. భార్యాభర్తలు ఏడాదంతా చేలో ఉంటే ఎకరానికి మిగిలేది 10 వేలు. అప్పటికింకా వడ్డీ కట్టలేదు.

ఎకరానికి 30 వేల చొప్పున బాబాయి అప్పు తెచ్చుకున్నది నా దగ్గరే. నూటికి నెలకి రెండు రూపాయలు, ఊళ్లో అందరూ తీసుకునే వడ్డీయే. పది నెలలకి 6 వేలు. ఆ 30 వేలు నాకెక్కడివి? బ్యాంకువి. పొలం పట్టాదారు పాస్‌బుక్ చూపించి, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి పంట రుణం తెచ్చాను. నేను చేలో దిగి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. అయినా కాగితాల మీద రైతుని నేనే. గడువులోగా కడితే కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ పోను నాకు పడేది 4 శాతం, అంటే పది నెలలకి వెయ్యి. మిగతా 5 వేలు నావే. మూడెకరాలకి 15 వేలు. వడ్డీలు పోను బాబాయి దంపతులకి అదే మూడెకరాల మీద మిగిలింది 12 వేలు. కౌలు బస్తాలు నాకు వేరే.

అరుగు మీద వాదనకి నా జవాబు అక్కడ దొరికింది సార్. అందరి డబ్బు సంగతీ నాకు తెలియదు. ఈ 15 వేలు మాత్రం బాబాయి ఇంట్లోంచే నా ఇంటికి వచ్చాయి. దానికి దారి వేసింది సర్కారు ఇచ్చే రాయితీ.

మర్నాడు, కౌలుదారు బ్యాంకు రుణం అడగడానికి కావాల్సిన కౌలు కార్డు కాగితం మీద నేనే సంతకం పెడతానన్నాను. బాబాయి నమ్మలేదు. అంతకు ముందు తను కౌలుకి చేసిన ఇంకో చేను కామందుని సంతకం అడిగితే, "ఇన్నేళ్లలో లేని సంతకం ఇప్పుడెందుకు?" అన్నాడట, మరుసటి ఏడు ఆ చేను వేరేవాళ్లకి వెళ్లిపోయింది. కౌలుదార్లకి కార్డులిచ్చే 2011 చట్టం ప్రకారం గ్రామసభలో దరఖాస్తు పెట్టుకుంటే సరిపోయేది. 2019 చట్టం వచ్చాక 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాల్సిందే. యజమానులంతా దుర్మార్గులని కాదు. మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంది, ఎకరం కౌలు మీదే బతుకుతోంది. సంతకం పెడితే పొలం పోతుందని ఆవిడ భయం. 1956 కౌలుదారీ చట్టం నాటి కోర్టు తగువులు చూసిన తరం అది. ఆ భయం పోగొట్టాల్సింది మీరు, బాబాయి కాదు.

చివరికి సంతకం పెట్టాను, కార్డూ వచ్చింది. దాన్ని పట్టుకుని ఇద్దరం బ్యాంకుకి వెళ్లాం. కంప్యూటర్‌లో చూసి, ఆ సర్వే నంబరు మీద ఇప్పటికే పంట రుణం ఉంది, ఇంకోటి ఇవ్వం అన్నారు. ఆ రుణం నాదే.

మీ శాఖ దగ్గర ఈ-పంట నమోదు ఉంది. ఏ చేను ఎవరు దున్నుతున్నారో అందులో పేరుతో సహా ఉంటుంది. పంట రుణం ఇచ్చే ముందు బ్యాంకు ఆ పేరు చూడాలని బ్యాంకర్ల సమావేశంలో మీరు పట్టుబట్టండి. సాగు చేయని నాలాంటివాడు గాజులు పెట్టుకుంటే మామూలు బంగారు లోను ఇవ్వమనండి, రాయితీ లేకుండా. యజమాని సంతకం నిబంధన తీసేయండి. ఊరివారీగా ఈ-పంటలో కౌలుదార్లు ఎందరో, వాళ్లలో పంట రుణం అందింది ఎందరికో రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించండి.

నా రుణం వచ్చే నెల తీర్చేస్తున్నాను. బాబాయి పెట్టుబడి మాత్రం అప్పటిదాకా ఆగదు కదా. నాట్లు అయిపోయాయి, ఎరువు వేయాలి. ఈసారి డబ్బు వడ్డీ లేకుండా ఇచ్చాను. "నోటు రాయకపోతే ఎలా బాబూ" అని ఆయన ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఇట్లు,
డెల్టాలో మూడెకరాల కామందు