రాత్రి డ్యూటీ ఆయమ్మకి కృతజ్ఞతలు

నిన్న వదినకి మూత్రం గొట్టం తీశారు. కాన్పులో మూత్రాశయానికి రంధ్రం పడి నెలల తరబడి మూత్రం కారుతుంటే, దాన్ని కుట్టిన ఆపరేషనైన 14వ రోజు. తెల్లారేదాకా గంటగంటకీ పక్క తడిమి చూశాను, పొడిగానే ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి గానీ ఇది రాయకుండా పడుకోలేను.

ఆ వార్డులో రాత్రి డ్యూటీ చేసే ఆయమ్మకి మా ఇంటిల్లిపాది దణ్ణాలు. పేరు రాయొద్దంది.

చేరిన రాత్రి వదిన గోడవారగా నేలమీద కూర్చుంది, పక్క తడుస్తుందని. ఆయమ్మ లేపి మంచం మీద కూర్చోబెట్టి, తనూ ఆ తడి చీర పక్కనే కూర్చుంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు. "నీళ్లు తాగడం మానేసినావేటమ్మా?" అని అడిగింది. పదకొండు నెలల్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు. కారుతుందని నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట, వాసన ఇంకా పెరుగుతాయట. ఒరిసిన తొడలకి వేజలైన్ తనే రాసింది. అప్పుడు ఏడ్చింది వదిన, బిడ్డ పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు.

ఆపరేషన్ తర్వాత మాకు నేర్పిందీ ఆమే. రోజుకి 4, 5 లీటర్లు నీళ్లు, సంచిలో మూత్రం నీళ్లలా తెల్లగా కనబడాలి. సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందే వేలాడాలి. చుక్కలు ఆగితే వెంటనే సిస్టర్ని పిలవాలి, ఎందుకంటే మూత్రాశయం నిండి ఉబ్బితే కుట్లు తెగుతాయి. మూడో రాత్రి రెండింటికి గొట్టం తొడ కింద మడతపడింది. నేను కునుకు తీస్తున్నాను. చూసి సరిచేసింది ఆయమ్మే.

బాధ ఒకటుంది. పాడేరు పైన మా ఊరికి బండి రాదు, డోలీలో దించేసరికి నొప్పులు మొదలై రెండు రోజులు. బిడ్డ తలకీ తల్లి కటి ముందు ఎముకకీ మధ్య మూత్రాశయం నలిగి, రక్తం అందక ఆ చోటు చచ్చిపోయి రంధ్రం పడింది. కాన్పైన వారానికి కారడం మొదలైతే, చూపించిన చోట "నరాల బలహీనత" అని టానిక్ రాశారు. అప్పుడే గొట్టం వేసి 4 నుంచి 6 వారాలు ఉంచితే చిన్న రంధ్రం దానంతటదే పూడే వీలుంటుంది. మూత్రాశయంలోకి నీలం రంగు నీళ్లు ఎక్కించి, యోనిలో పెట్టిన గాజుగుడ్డ నీలంగా తడిసిందా అని చూసే పరీక్ష పెద్ద పనేమీ కాదు. అది చేయడానికి 11 నెలలు పట్టింది. ఆధార్‌లో ఒక అక్షరం తేడా అని ఇంకో మూడు వారాలు తిప్పారు.

డాక్టరమ్మకీ, సిస్టర్లకీ నమస్కారాలు. మూడు నెలలు భార్యాభర్తలు కలవకూడదని, మళ్లీ కడుపొస్తే పెద్దాసుపత్రిలో సిజేరియనే అని అన్నయ్యని కూడా కూర్చోబెట్టి చెప్పారు. అన్నయ్య, అమ్మ సరేసరి.

పక్క మంచం మామ్మగారు రోజూ గంజి ఇచ్చారు. ఆటో తమ్ముడు సీటు మీద ప్లాస్టిక్ పట్టా ముందే పరిచి ఉంచేవాడు, ఒక్క మాట అనకుండా. రక్తమిచ్చిన కాలేజీ బాబు. అయ్యో, డోలీ మోసిన నలుగురినీ మర్చిపోయాను, మా ఆశా అక్కనీ.